గారపళ్ళు

ఏజెంటు హమీద్ భాయ్ చండూరు నుంచి ఫోన్ చేశాడట, గంటలో జీపు మా వాకిట్లో ఉంటుందట. ఎస్టీడీ బూతు మారయ్య సైకిల్ దిగకుండానే ఆ మాట చెప్పి పోయినప్పటి నుంచి ఈ ఇంటికి పెళ్ళికళ వచ్చేసింది. మా ఆయన మెహమూద్ పొద్దున గీసుకున్న గడ్డాన్నే మళ్ళీ గీసుకుంటున్నాడు, నేను తెచ్చిన నురగ డబ్బాతో, నేను తెచ్చిన అద్దంలో చూసుకుంటూ, ఆ అద్దంలోంచే నాకు హుకుం, "జర అన్నీ మంచిగ చెప్పు దానికి, నాలుగేండ్లు ఉన్నవ్ గద ఆడ." అది అంటే ఆయన చెల్లెలు ఇక్బాల్ బీ. నేను కువైట్‌కు మళ్ళీ పోనని మొండికేశాను గనక నా జాగాలో అది పోతున్నది. అదే ఇల్లు, అదే యజమానురాలు, నేను పడుకున్న ఇస్త్రీ గదే, నేను కడిగిన మరుగుదొడ్లే. అది తలకు నూనె రాసుకుని, కొత్త సల్వార్ వేసుకుని, బడికి పోయే పిల్లలాగ మోకాళ్ళు ముడుచుకుని నా ముందు కూర్చుంది. "చెప్పు భాబీ" అని నవ్వింది. నేను కండ్లు తిప్పుకున్నాను. అది నవ్వితే పళ్ళు కనబడతాయి. గోధుమ రంగు చారలు, అంచులు పెళుసై విరిగిన ముందరి పళ్ళు రెండు. నాకు రోత పుడుతుంది. ఆడబిడ్డను చూస్తే రోత పుట్టడం మంచి మనిషికి ఉండాల్సిన లక్షణం కాదని నాకూ తెలుసు, తెలిసినంత మాత్రాన రోత ఆగదు.

నాది పానగల్. అక్కడి నీళ్ళు వేరు. ఈ మర్రిగూడకు కోడలుగా వచ్చిన రోజు మొహానికి కట్టిన సెహరా పూల సందుల్లోంచి చూశాను, అత్తగారు నవ్వింది, మామ నవ్వాడు, వరసైనవాళ్ళు చుట్టూ మూగి నవ్వారు, అందరి నోట్లో అదే రంగు. బీడీలు తాగుతారేమో, తమలపాకులు నములుతారేమో అనుకున్నాను, పాలు తాగే వయసు దాటిన పిల్లల నోట్లో కూడా అదే గార కనబడ్డాక గాని తెలియలేదు అది బోరింగు నీళ్ళ పనని. మొదట్లో రాత్రిళ్ళు ఆయన నోరు దగ్గరికొస్తే ఊపిరి బిగబట్టేదాన్ని. తర్వాత అలవాటైంది. అలవాటు కానిదేముంది, ఆ నీళ్ళకే నడుము వంగిన మనుషులు, కర్ర లేకుండా లేవలేని నలభై ఏండ్ల వాళ్ళు, వాళ్ళనూ అలవాటు చేసుకున్నాను. యుద్ధం అయిపోయిన మరుసటేడు కువైట్ పోయాను. అక్కడ సముద్రాన్ని మరిగించి ఉప్పు తీసి తాగుతారు, ఆ నీళ్ళు నాలుగేండ్లు తాగాను, ఆ నీళ్ళతో వాళ్ళ కార్లు కడిగాను. నేను పోయేనాటికి నా బిడ్డ ఖమర్‌కు పాలపళ్ళు, మల్లెమొగ్గల్లా ఉండేవి, ఒకటి ఊడితే ఇంటి మీద పడేసి పోయాను. వచ్చేసరికి కొత్త పళ్ళు వచ్చాయి. బస్సు దిగంగానే "అమ్మీ" అని ఉరికొచ్చి నవ్వింది, నేను ఒక్క అడుగు వెనక్కి వేశాను. ఒక్కటే అడుగు. పిల్ల చూసిందో లేదో తెలియదు. చూసే ఉంటుంది, ఈ మధ్య బడి నుంచి వచ్చి నేరుగా పక్కింటి సోమమ్మ దగ్గరికే పోతున్నది.

"ఏమేం సదురుకోవాలె భాబీ?" అని ఇక్బాల్ బీ అడుగుతున్నది. పక్కన గంప నిండా సదిరే పెట్టుకుంది, మామిడి తొక్కు, కారం, చింతపండు, కొబ్బరి నూనె. "చింతపండు వద్దు" అన్నాను. ఎందుకని అడగలేదు, తీసి పక్కన పెట్టింది, నేను చెప్పిందల్లా వింటున్నది, అదే నాకు ఒళ్ళుమంట. చింతపండు ఎందుకు వద్దో చెప్పాలంటే మొదటి రోజు గురించి చెప్పాలి. ఆ ఇంటి డ్రైవరు విమానం దిగిన చోటే పాస్‌పోర్టు గుంజుకుని జేబులో పెట్టుకున్నాడు, ఇంటి వెనక గేటు దగ్గర దింపాడు. యజమానురాలిని మామా అనాలి, యజమానిని బాబా అనాలి, మనకంటే చిన్న వయసువాళ్ళయినా సరే. మామా నన్ను ఇంట్లోకి రానియ్యలేదు. నా సంచీని పెరట్లో బోర్లించి, రెండు వేళ్ళతో ఒక్కో బట్టా ఎత్తి చూసింది, నా లోపలి బట్టలు కూడా, ముక్కు దగ్గర పెట్టుకోబోయి మానుకుంది. చింతపండు మూట విప్పి, నల్లగా మెత్తగా ఉన్నదాన్ని చూసి వెనక్కి గెంతింది. "వసఖ్" అన్నది. నేను నేర్చుకున్న మొదటి అరబ్బు మాట అదే, మురికి అని. చెత్తబుట్టలో పడేయించింది, నా చేతే పడేయించింది. మా అమ్మ గింజలు తీసి, ఉప్పు కలిపి, ముద్దలు చేసి ఇచ్చిన చింతపండు. తర్వాత నన్ను పెరట్లోనే నల్లా కింద కూర్చోబెట్టి, తలకు ఏదో మందు పోసి కడిగించింది, పేలుంటాయట. నాకు పేలు లేవు. లేవని చెప్పడానికి మాట రాదు.

వాకిట్లో నీడకు కూర్చున్న సోమమ్మ లోపలికి తొంగి చూసింది. ఆమె పెనిమిటి బీరప్పకు గొర్రెల మంద ఉంది. "అజీజమ్మా, ఆడ గూడ గొర్రెలుంటయా?" అన్నది. ఉంటాయి అన్నాను. "మనోళ్ళే కాస్తరా?" కాస్తారు. "అయితే బాగనే ఉంటది తియ్యి" అని ఆవిడ ఆకులో వక్క వేసుకుంది. బాగనే ఉంటుంది. పెద్ద పళ్ళెంలో కుప్పగా అన్నం, దాని మీద ఒక గొర్రె, చుట్టూ కూర్చుని చేతులతో చీల్చుకుని తింటారు, లేచిపోయాక ఆ కుప్పలో సగం పైన మిగిలే ఉంటుంది. అదే మన తిండి. ఎవరి వేళ్ళ సందుల్లోంచి జారిన అన్నమో, ఎవరు కొరికి పెట్టిన ముక్కో. మొదటి నెల తినలేక వాంతులు చేసుకున్నాను, రెండో నెల అంచున ముట్టుకోని జాగా వెతుక్కుని తిన్నాను, తర్వాత వెతకడం కూడా మానేశాను. నేను తినగా మిగిలింది నల్ల సంచుల్లో పోసి వీధిలో పెట్టాలి, అంత అన్నం పారబోయడానికి చేతులు రాలేదు మొదట్లో, పారబోసి పారబోసి అదీ అలవాటైంది. నేను తాగే గ్లాసు మాత్రం వేరు. నీలం రంగు ప్లాస్టిక్ గ్లాసు, చీపుళ్ళ పక్కన గూట్లో ఉండేది. వాళ్ళ ఎంగిలి నేను తినవచ్చు, నా ఎంగిలి గ్లాసు వాళ్ళ గ్లాసుల పక్కన నిలబడకూడదు.

ఇవేవీ చెప్పలేదు. నేను చెప్పింది ఏమిటంటే, గాజులు వేసుకోకు, చప్పుడైతే ఆమెకు తలనొప్పి. ఇస్త్రీ గదిలో చల్లటి మిషను ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది, బంద్ చేసే బటన్ వాళ్ళ గదిలో ఉంటుంది, మందం దుప్పటి ఒకటి పెట్టుకో. బాబా తెల్ల అంగీలకు మెడ దగ్గర ముడత ఉండకూడదు. రంజాన్ నెలలో పగలు వాళ్ళు పడుకుంటారు, మనం పడుకోం, రాత్రి వాళ్ళు తింటారు, మనం వండుతాం. ఫోనుకు చిన్న తాళం వేసి ఉంటుంది. మాట్లాడాలనిపిస్తే క్యాసెట్‌లో మాట్లాడి పెట్టుకో, ఎవరైనా ఊరికి వస్తే పంపవచ్చు. "క్యాసెట్‌ల ఏం మాట్లాడేదానివి భాబీ?" అన్నది. మంచిగున్నానని మాట్లాడేదాన్ని. ఇస్త్రీ బల్ల కింద దూరి, చేత్తో నోటికి అడ్డం పెట్టుకుని, మంచిగున్నాను, మంచిగున్నాను, ఖమర్‌కు ముద్దులు అని. ఆ క్యాసెట్లు ఇక్కడ వీధి వీధంతా కూర్చుని విన్నారట, వింటూ చాయ్ తాగారట, మెహమూద్ మూడుసార్లు తిప్పి తిప్పి పెట్టాడట. ఆ మాట గొప్పగా చెప్పాడు నాకు, వచ్చిన రోజు.

మెహమూద్ గడ్డం అయిపోయింది, ఇప్పుడు సెంటు. నాలుగేండ్లలో ఈ మనిషి నేర్చుకున్నది సెంటు కొట్టుకోవడం ఒక్కటే. గొల్లవాళ్ళ దగ్గర తోళ్ళు కొని నల్లగొండకు మోసేవాడు ఇంతకుముందు, చేతులు కంపు కొట్టేవి గాని పని చేసిన చేతుల కంపు అది. నేను పోయిన ఏడాదే మానేశాడు, కువైట్ పోయినదాని పెనిమిటి తోళ్ళు మొయ్యడమేమిటని. ఇంటికి స్లాబు వేశాడు, వాకిట్లో గేటు పెట్టాడు, గేటుకు ఒంటె బొమ్మ చేయించాడు. బోరింగు నీళ్ళే తాగుతున్నాడు. పిల్లకు అవే పోశాడు. నేను పోనన్న రోజు కొట్టలేదు, తిట్టలేదు, కాసేపు ఆలోచించి, "అయితే ఇక్బాల్ పోతది" అన్నాడు, బావిలో ఒక బొక్కెన తెగిపడితే ఇంకో బొక్కెన కట్టినంత తేలికగా. అప్పటి నుంచి ఆయన చెమట వాసన, ఆయన గుటకల చప్పుడు, అన్నం కలిపే ఆయన వేళ్ళు, అన్నీ నాకు రోత. ఇంత రోత ఉన్నదాన్ని ఆయన పక్కనే పడుకుంటున్నాను, అది ఇంకా రోత.

ఇక్బాల్ బీ మాత్రం ఏం చేస్తుంది. దాని పెనిమిటి పాలమూరులో ఇంకొకతెను తెచ్చి పెట్టుకున్నాడు, ఇది అన్న ఇంట్లో పొయ్యి పక్కన పడుకుంటుంది. ఇక్కడికి చేరిన ఈ రెండేండ్లూ నా బిడ్డకు తల దువ్వింది, జ్వరమొస్తే చంకనేసుకుని దవాఖానకు తిరిగింది, నేను వచ్చి ఆ పిల్లను చూసి వెనక్కి అడుగేశాను. మొన్న చెప్పి చూశాను, పోకు ఇక్బాల్, అది మనుషులు ఉండే జాగా కాదు అని. నా వైపు పై నుంచి కింద దాకా చూసింది. "నువ్ తెల్లగై, బుగ్గలొచ్చి దిగినవ్ భాబీ. నన్ను పోవద్దంటున్నవా?" అన్నది. కోపంగా కాదు, నిజంగానే అర్థం కాక అడిగింది. బుగ్గలు వచ్చింది మిగిలిన అన్నం తిని, తెల్లగైంది ఎండ మొహం చూడక. ఆ మాట నేను పైకి అనలేదు, ఎందుకంటే అది పోకపోతే నేను పోవాలి. ఆ లెక్క నా లోపల కూడా నడుస్తూనే ఉంది. పది రోజులుగా దానికి అరబ్బు మాటలు నేర్పుతున్నాను, ఇస్త్రీ నేర్పుతున్నాను, నేర్పేటప్పుడు నాకు హాయిగా ఉంటున్నది, ఆ హాయిని తలుచుకుంటే నా మొహం మీద నేనే ఉమ్మేసుకోవాలనిపిస్తుంది.

అయినా భయమంతా ఒక్కటే, సత్తమ్మకు జరిగింది. ఆ ఇంటికి నాకు తోడుగా ఇంకో పనిమనిషి వచ్చింది, మన దిక్కుదే, నాంపల్లి పక్కన పల్లె. తెలుగు విని ఎన్నాళ్ళయిందో, ఆమెను పట్టుకుని ఏడ్చాను. ఆమెకూ ఇవే పళ్ళు. మామా మొదటి రోజే చూసి నోటి ముందు చేయి ఊపింది, కడుక్కోమని. కడుక్కుంది. మళ్ళీ చూసింది, మళ్ళీ వసఖ్. ఇది మురికి కాదు మామా, నీళ్ళ వల్ల, పుట్టిన ఊరి నీళ్ళ వల్ల అని నేను వచ్చిన మాటల్లో చెప్పాను, నీళ్ళతో పళ్ళు నల్లబడతాయా అని ఆమె నవ్వింది. సత్తమ్మ నోరు మూసుకునే తిరిగేది. కానీ ఆ మనిషిది నవ్వే మొహం, ఆ ఇంటి చంటిపిల్ల చేతులు చాస్తే ఆగలేకపోయింది, ఎత్తుకుని నవ్వింది. పిల్ల ఏడ్చిందో, ఉత్తగనే మూలిగిందో. మామా వచ్చి, మరుగుదొడ్లు తెల్లగా చేసే మందు గుడ్డ మీద పోసి, సత్తమ్మ మెడ పట్టుకుని పళ్ళు తోమింది. తానే తోమింది, చేతికి రబ్బరు తొడుగు వేసుకుని. పెదవులు పొంగి తోలు ఊడాయి. వారం రోజులు ఆమె చల్లటి పాలే తాగింది. తర్వాత ఏజెంటు ఆఫీసుకు తిప్పి పంపేశారు, ఎటు పోయిందో తెలియదు. మామా హమీద్ భాయ్‌కి ఫోన్ చేసి అరిచింది, ఇకమీద పంపేముందు నోరు తెరిపించి చూడమని. ఈ మాట మెహమూద్‌కు తెలుసు, నేనే చెప్పాను. ఆయనకు ఆ కథలో అర్థమైంది ఒక్కటే. నల్లగొండలో పాస్‌పోర్టు ఫోటో తీయించేటప్పుడు చెల్లెలికి చెప్పాడు, నోరు మూసుకో అని. ఇప్పుడూ అదే చెబుతున్నాడు, సెంటు సీసా మూత పెడుతూ, "హమీద్ ముంగట నవ్వకు. అడిగిన దానికి తలకాయ ఊపు."

"నవ్వ తియ్ భాయ్" అన్నది. నా వైపు తిరిగి, "ఆడ గూడ నవ్వ. మూసుకొనే ఉంట. నాకేం నవ్వొస్తది ఆడ," అని, అన్నాక నవ్వింది.

జీపు వచ్చింది. హమీద్ భాయ్ దిగాడు, పొట్ట, బంగారు గొలుసు, మోటు అత్తరు, చేతి రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, మా ఊరి దుమ్ము కూడా ఆయనకు పడదు. హైదరాబాద్‌లో డాక్టరు పరీక్ష ఉంది, అక్కడే ఒక రూములో పెడతాడట, కాగితాలు వచ్చిన రోజే విమానం, మళ్ళీ ఊరికి పంపేది లేదు. తొందరలో ఉన్నాడు. ఇక్బాల్ బీ మొహం చూశాడు, చేతులు తిప్పి చూశాడు, "మంచిగనే ఉంది, నడువు" అన్నాడు. నోరు చూడలేదు. మరిచిపోయాడు. మెహమూద్ చెల్లెలి జబ్బకు ఇమామ్ జామిన్ కట్టాడు, ఆకుపచ్చ గుడ్డలో బిళ్ళ, పోయిన చోట క్షేమంగా ఉండాలని, కట్టేటప్పుడు ఏడ్చాడు కూడా, ఆ ఏడుపు నిజమైనదే, దాన్ని చూస్తే నాకు మరీ అసహ్యం వేసింది. అది జీపు ఎక్కడానికి కాలు పైకి పెట్టింది. పోనీ అనుకున్నాను. ఒక్క నిమిషం నేను నోరు మూసుకుంటే చాలు, నా బిడ్డ దగ్గర నేను ఉండిపోతాను, మెల్లమెల్లగా ఆ పిల్ల నవ్వు నాకు మళ్ళీ అలవాటవుతుంది. రబ్బరు తొడుగు వేసుకున్న చేయి గుర్తొచ్చింది. పోవద్దంటే ఇది వినదు. పోనియ్యనంటే వీళ్ళు వినరు. వినిపించే మాట ఒక్కటే ఉంది నా దగ్గర.

"హమీద్ భాయ్, దాని పండ్లు చూసినవా?" అన్నాను.

నా గొంతు నాకే తెలియలేదు. అచ్చం మామా గొంతు, ముక్కు కొంచెం ముడిచి, మాట చివర ఈసడింపు. ఇక్బాల్ బీ కాలు కిందికి దించింది. మెహమూద్ "ఏయ్" అన్నాడు. హమీద్ భాయ్ అప్పుడే గుర్తొచ్చినవాడిలా తిరిగి వచ్చి, బొటనవేలూ చూపుడువేలూ దాని బుగ్గలకు రెండు వైపులా వేసి నొక్కాడు. అది ముందు బిగబట్టింది. తర్వాత తెరిచింది. ఎండ నేరుగా లోపలికి పడింది. "అరె, అంగట్ల గొర్రెను జూసినట్టు గట్ల జూస్తవేందయ్యా మనిషిని?" అని సోమమ్మ లేచి నిలబడింది. హమీద్ భాయ్ చేయి తీసి రుమాలుకు తుడుచుకున్నాడు. "మెహమూద్, నా ధంద ఖరాబ్ చేస్తవా? గారపండ్లు. పోయినసారి గిదే లొల్లి. గీమె నడువది." నా వైపు చూసి, "నువ్ వస్తవా ఆపా?" అన్నాడు. రాను అన్నాను. మెహమూద్ ఏదో అరుస్తున్నాడు, నా మీదా, ఆయన మీదా. హమీద్ భాయ్‌కి ఫికరేమీ లేదు. దేవరకొండ దిక్కు ఒక ఊళ్ళో ఇంకొకామె తయారుగా ఉందట, అటే పోతానని జీపు తిప్పించాడు. ఆమెకు తెల్లటి పళ్ళట.

ఇక్బాల్ బీ లోపలికి వచ్చి పొయ్యి పక్కన తన జాగాలో కూర్చుంది. చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. నేను ఎదురుగా కూర్చున్నాను. నీ మంచికే అని చెప్పాలనుకున్నాను, సత్తమ్మ సంగతి చెప్పాలనుకున్నాను, దాని బుగ్గల మీద హమీద్ వేళ్ళ అచ్చులు ఎర్రగా కనబడుతున్నాయి. బయట మెహమూద్ గేటును ధన్నుమని వేశాడు. అది తల ఎత్తకుండానే అడిగింది.

"ఆడ గూడ నీ లెక్కనే జూస్తరా భాబీ?"

"ఆ" అన్నాను. "నా లెక్కనే జూస్తరు."

"దినామా?"

"దినాం."

అది చున్నీ తీయలేదు. ఖమర్ బడి నుంచి వచ్చి, గుమ్మంలో నిలబడి మా ఇద్దరినీ చూసి, ఇక్బాల్ బీ పక్కకు పోయి కూర్చుని, తన నోటికి కూడా చేయి అడ్డం పెట్టుకుంది.